ఒకటి రెండు చోట్ల

వేసవిలో రేడియో వాళ్ళు మధ్యాహ్నం వార్తల చివర వాతావరణం చెప్పేవారు. మార్చి ఆఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా ఆ వాక్యం మారేది కాదు. కోస్తాంధ్రలో ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు పడే అవకాశం ఉంది. చదివే గొంతు మారేది, అప్పుడప్పుడు మధ్యలో దగ్గు వచ్చేది, వాక్యం మాత్రం అదే. కోస్తా అంటే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా. అంత పొడుగున ఎక్కడో ఒక చోట నాలుగు చినుకులు పడకుండా ఎలా ఉంటాయి? ఆ మాత్రం చెప్పడానికి రేడియో ఎందుకని నా అభిప్రాయం. అప్పుడు నేను బీయస్సీ ఆఖరి ఏడాది, స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. నాకు చాలా విషయాల మీద అభిప్రాయాలుండేవి.

ఎండ సంగతి వేరు. ఎండ విషయంలో రేడియోని మా గవర్నర్‌పేటలో ఎవరూ నమ్మేవారు కాదు. విజయవాడ ఎండ అని వాళ్ళు చెప్పేది గన్నవరంలో కొలిచిన ఎండ. గన్నవరం ఇరవై కిలోమీటర్ల అవతల, చుట్టూ మామిడితోటలు. అక్కడి ఎండ మనకెందుకని మా వీధివాళ్ళు రేడియో చెప్పిన దానికి ఎవరి ఓపికను బట్టి వాళ్ళు రెండో మూడో డిగ్రీలు కలుపుకునేవారు. గన్నవరంలో నలభై మూడంటే మాకు నలభై ఆరు. పక్క లాడ్జి మేనేజరు గారు నలభై ఎనిమిది దాకా వెళ్ళేవారు. ఆయన కౌంటరు మీద ఫ్యాను తిరిగేది కాదు, అందుకని ఎవరూ కాదనేవారు కాదు.

మాది పరుపుల కొట్టు. మేం దూదేకులవాళ్ళం. నమాజుకు మసీదుకు వెళతాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, దూది ఏకడం తాతల నాటి పని. నా చిన్నప్పుడే ఏకే విల్లు అటకెక్కి మిషను వచ్చింది. కొట్టు కింద, ఇల్లు పైన. మా ఇంటి పైన రేకులు కాబట్టి దూది ఆరబెట్టడానికి పక్క లాడ్జి డాబా వాడుకునేవాళ్ళం. మూడంతస్తుల డాబా, పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా ఎండ కదలదు. దానికి బదులుగా నాన్న ఏడాదికోసారి లాడ్జి దిండ్లన్నీ విప్పి, ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. ఆ దిండ్లలో ఏమేం దొరికేవో నాన్న ఎప్పుడూ బయటికి చెప్పలేదు.

ఎండాకాలమే మా పని కాలం. ఉగాది దాటగానే జనం పాత పరుపులు రిక్షాల్లో వేసుకుని వచ్చేవారు. ఏళ్ళ తరబడి పడుకున్న దూది గడ్డలు కట్టి ఉంటుంది. దాన్ని విప్పి, ఎండలో పోసి, కర్రతో కొట్టి, ఏకి, కొత్త గుడ్డలో కూరి దబ్బనంతో కుట్టాలి. ఇందులో ఒక కట్టుబాటుంది. ఎవరి దూది వాళ్ళకే తిరిగి వెళ్ళాలి. మంచి దూది తీసేసుకుని చెత్త కూరతారని పరుపుల వాళ్ళ మీద లోకానికి అనుమానం. అందుకని కొంతమంది పరుపు విప్పిన దగ్గర్నుంచి కుట్టేదాకా స్టూలేసుకుని ఎదురుగా కూర్చునేవారు. కొంతమంది టిఫిను డబ్బా కూడా తెచ్చుకునేవారు. నాన్న ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. ఒక్కొక్కరి దూదీ వేరు వేరు గోతంలో పోసి, ఆ గోతానికి వాళ్ళ పాత పరుపు గుడ్డలోంచి చింపిన పీలికే కట్టేవాడు. గీతలది గీతలదే, పువ్వులది పువ్వులదే. ముప్ఫయ్యేళ్ళలో ఒకరి దూది ఒకరికి పోలేదని నాన్న చెప్పుకునే గొప్ప అదొక్కటే.

ఆ ఏడు ఏప్రిల్ మొదట్లో గుణదల నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. గొడుగు, కళ్ళజోడు, ఇస్త్రీ చీర. రిక్షాలో ఒకే ఒక పరుపు. రిటైరైన లెక్కల టీచరు అని కూర్చోగానే చెప్పారు, ఆ సంగతి మేం ముందే తెలుసుకోవడం మంచిదన్నట్టు. ఒక్కరే ఉంటారు. అంతకు ముందు చలికాలంలో వాళ్ళమ్మగారు పోయారు. పరుపు ఆ అమ్మగారిది.

నాన్న పరుపు మూల విప్పి వేలు పెట్టి చూసి, బూరుగు దూదండీ, ఈ రోజుల్లో ఎవరి దగ్గరా లేదు అన్నాడు. ఆవిడకు ఆ మాట నచ్చింది. ఉయ్యూరు దగ్గర వాళ్ళ పొలం పక్కన కాలవగట్టు మీద ఒక బూరుగు చెట్టు ఉండేదట. ప్రతి ఎండాకాలం కాయలు పగిలే వేళకి వాళ్ళమ్మగారు చెట్టు కింద పాత చీర పరిచి రాలిన కాయలు ఏరుకొచ్చి, వసారాలో కూర్చుని గింజలు తీసేవారట. పక్క వాళ్ళు ఏడాదికొక దిండు చేసుకుంటే, అమ్మగారు దిండ్లు చెయ్యకుండా దాచి, పదకొండు ఎండాకాలాలు దాచి, ఒక పరుపు కుట్టించుకున్నారట. తర్వాత చెట్టు అగ్గిపెట్టెల వాళ్ళకు పోయింది. ఇంకిప్పుడు ఆ చెట్టు దూది అంటూ ఉన్నది ఈ పరుపులోదే.

అమ్మగారు చివరి రెండేళ్ళూ దాని మీదే ఉన్నారు. తైలాలు, మందులు, పొడులు. విప్పిన మూలలోంచి ఆ వాసన మా కొట్టంతా వచ్చింది.

"ఈ వాసన పోవాలండీ సాయిబు గారూ," అన్నారు టీచర్ గారు. "దీంతో నాకు నిద్ర పట్టట్లేదు. దూది మాత్రం ఇదే ఉండాలి. ఒక్క పీచు కూడా వేరేది కలవకూడదు."

కలవదండీ అన్నాడు నాన్న. నేను స్టూలు తెచ్చి వేశాను. ఆవిడ అక్కర్లేదన్నారు. మా కొట్లో స్టూలు వద్దన్న మనిషిని నేను చూడటం అదే మొదలు. వెళ్ళబోతూ నన్ను ఏం చదువుతున్నావని అడిగారు. చెప్పాను. ప్రాబబిలిటీలో ఎన్ని మార్కులొచ్చాయన్నారు. డెబ్బై ఎనిమిది అన్నాను. మిగతా ఇరవై రెండూ ఎక్కడ పోయాయని అడిగి, జవాబు కోసం ఆగకుండా రిక్షా ఎక్కారు.

బూరుగు దూది మామూలు దూది లాంటిది కాదు. దాన్ని మిషనులో వెయ్యకూడదు, పొడైపోతుంది. ఎండలో పోసి, సన్న బెత్తంతో తట్టి, గడ్డలు చేత్తో విప్పాలి. విప్పిన కొద్దీ పొంగుతుంది, పొంగిన కొద్దీ తేలికవుతుంది. గట్టిగా తుమ్మితే సగం లేచిపోయే సరుకు. అందుకని డాబా మీద దుప్పటి పరిచి, దూది పోసి, పైన పాత దోమతెర కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టేవాళ్ళం. తెరలోంచి ఎండ దిగుతుంది, దూది లేవదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి మూటకట్టి కిందికి దించెయ్యాలి. మా వైపు ఎండాకాలపు గాలివాన పొద్దున రాదు. రోజంతా ఎండని నిదానంగా కాయనిచ్చి, అందరూ అలిసిపోయాక నాలుగింటి పైన వస్తుంది.

నాలుగు రోజులు ఎండబెట్టాం. పైపైన ఉన్నదంతా మల్లెపూవులా విచ్చుకుంది, వాసన కూడా పోయింది. నడిమధ్యన తలా వీపూ ఆనిన చోట దూది మాత్రం గట్టి ఉండలు కట్టి ఉంది. వాటిలో తైలం ఇంకిపోయింది. నాన్న రోజూ మూట కట్టేముందు ఒక ఉండ తీసి వాసన చూసి, ఇంకో రోజు పడుతుంది అనేవాడు.

అయిదో రోజు శుక్రవారం. కాలేజీకి సెలవులిచ్చేశారు. మధ్యాహ్నం రేడియో ఎప్పటిలాగే ఒకటి రెండు చోట్ల అంది. మూడు దాటాక నాన్నా నేనూ డాబా ఎక్కాం. ఆ రోజు ఎండ చెప్పతరం కాదు. డాబా గచ్చు మీద చెప్పులు లేకుండా నిలబడితే పాదం అంటుకుపోయేది. పొద్దుటి నుంచీ కొట్టిన వడగాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. నాన్న దోమతెర ఎత్తబోతూ ఆగి, గాలి ఆగింది అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు. పడమట కొండ వెనక చిన్న మబ్బు ముక్క ఒకటి ఉంది, ఈతచాపంత. నాన్న దాని వైపు చూసి, మూట కట్టేద్దాం, మిగిలింది రేపు చూద్దాం అన్నాడు.

నేను ఒక ఉండ తీసి వాసన చూశాను. మరొక్క గంట మంచి ఎండ తగిలితే వాసన పోయేలా ఉంది. ఆ సంగతి చెప్పి, వాన మాట లెక్క వేశాను. కోస్తాలో తొమ్మిది జిల్లాలు. జిల్లాకు ఎన్ని మండలాలు, మండలానికి ఎన్ని ఊళ్ళు, ఊళ్ళో ఎన్ని డాబాలు. వాన పడేది ఒకటి రెండు చోట్ల. వేళ్ళు మడుస్తూ చెప్పాను. నాన్న చదువు అయిదో క్లాసు. నేను లెక్క చెపుతుంటే ఆయన చేతులు కట్టుకుని వినేవాడు, మసీదులో ప్రసంగం విన్నట్టు.

"మన డాబా మీద పడే అవకాశం లేనట్టే నాన్నా," అన్నాను.

మబ్బు కళ్ళెదుట కనిపిస్తున్నప్పుడు లెక్క మొత్తం మారిపోతుందని మా పుస్తకంలోనే ఒక పాఠం ఉంది. ఆ పాఠం పరీక్షలో రాశాను కూడా. డాబా మీద గుర్తు రాలేదు.

నాన్న ఇంకొకసారి కొండవైపు చూశాడు. నా వైపు చూశాడు. సరే, నమాజు చేసొచ్చి దింపుతా, నువ్వు కనిపెట్టుకుని ఉండు అని వెళ్ళిపోయాడు. నేను ఉండలు విప్పుదామని ఒక వైపు ఇటుకలు నాలుగు తీసి, దోమతెరలోకి చెయ్యి పెట్టి కూర్చున్నాను.

ముందు వెలుతురు మారింది. తల ఎత్తేసరికి ఈతచాపంత మబ్బు కొండను కప్పేసింది. తర్వాత వీధి చివర ఏదో రేకు పడిన చప్పుడు. లేచి నిలబడే లోపల గాలి వచ్చింది. నేను ఇటుకలు తీసిన వైపు నుంచే వచ్చింది. దోమతెర ఒక్కసారి పొట్ట ఉబ్బించుకుని లేచింది, దాని కిందనుంచి పదకొండు ఎండాకాలాల దూది లేచింది. నేను తెర మీద పడ్డాను. తెర దొరికింది. దూది దొరకలేదు. రెండు చేతులతో పట్టుకోవడానికి దానికి ఒక ఆకారమంటూ లేదు. నోట్లోకి, ముక్కులోకి, జడలోకి వచ్చింది. మిగిలింది డాబా పిట్టగోడ దాటి గవర్నర్‌పేట మీదికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఉరుము. ఆ తర్వాత చినుకులు, ఒక్కొక్కటీ రూపాయి బిళ్ళంత. నేను దుప్పటి మీద బోర్లా పడుకుని, కింద మిగిలినదాన్ని పొట్టతో కప్పుకుని తడిశాను.

నాన్న మసీదు మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే ఎదురుగా దూది వచ్చిందట. పక్కాయన అదేంటని ఆశ్చర్యపోతుంటే నాన్న మాత్రం చూడగానే బూరుగు దూది అని గుర్తుపట్టాడట. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా బూరుగు దూది లేదు కాబట్టి మిగతాది కూడా ఆయనకు అక్కడే అర్థమైంది.

వాన ఇరవై నిమిషాలు పడింది. వెలిశాక చూస్తే వీధి పోల్చుకునేలా లేదు. కరెంటు తీగల మీద దూది, వేపచెట్టు మీద దూది, ఆటోల టాపుల మీద దూది, చెరుకురసం బండి చక్రానికి దూది. తడిసి ఎక్కడిదక్కడ అంటుకుపోయింది. వెనక సందులో ఒకావిడ మినప వడియాలు ఎండబోసుకుంది. అవి ఎటూ తడిసి పోయాయి, పైపెచ్చు మా దూది కప్పుకుని ఉన్నాయి. ఆవిడ చాట పట్టుకుని వచ్చి మా కొట్టు ముందు నిలబడి, వడియాలు పోయినందుకు తిట్టాలో, దూది పోయినందుకు జాలిపడాలో తేల్చుకోలేక వెళ్ళిపోయింది. లాడ్జి మేనేజరు గారు ఓదార్చారు. "గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అనుకోండి సాయిబు గారూ," అన్నారు. నాన్న ఆ మాట విన్నాడు గానీ అనుకోలేదు. ఒక ఖాళీ గోతం, నిచ్చెన పట్టుకుని వీధిలోకి వెళ్ళాడు.

నేను కూడా వెళ్ళాను. చీకటి పడేలోపు వీధి వీధంతా తిరిగాం. మా వీధివాళ్ళు మంచివాళ్ళు. తమ గోడల మీద, మెట్ల మీద అంటుకున్నది గీకి దోసిళ్ళతో తెచ్చి ఇచ్చారు. కొందరు మరీ మంచివాళ్ళు. మాకు తక్కువ పడిందేమోనని తమ పాత దిండ్లు చింపి ఆ దూది కూడా తెచ్చారు. గోతం నిండింది. నాన్న అందరికీ నమస్కారం పెట్టాడు. ఇంటికొచ్చి గోతం బోర్లించి, ఒక్కొక్క పిడికెడూ చేతిలోకి తీసుకుని, వేళ్ళతో నలిపి, వాసన చూసి, ఆవిడది ఒక పక్క, కానిది ఒక పక్క పెట్టడం మొదలుపెట్టాడు. కానిది పెరిగింది. ఆవిడది పెరగలేదు.

ఆ సాయంత్రం అమ్మ నన్ను ఏకిన ఏకుడు మా మిషను కూడా ఏకదు. ఏకడం అయ్యాక నాన్న వైపు తిరిగి, ఆవిడకు కావలసింది నిద్ర, కొట్లో మంచి దూది ఉంది, పరుపు నిండా కూరి కుట్టిస్తే తెల్లదానికీ తెల్లదానికీ తేడా ఎవరికి తెలుస్తుంది, వాసన పోవాలని ఆవిడే అంది కదా అని అడిగింది. అమ్మ చెడ్డది కాదు. ఆ మాట తను అనకపోతే నేను అందామనుకుంటున్నాను. అమ్మ అన్నాక నేను కూడా గట్టిగా బలపరిచాను. టీచర్ గారు స్టూలు వేసుకుని కూడా కూర్చోలేదు, చూసినవాళ్ళు లేరు అన్నాను. నాన్న దూదిలోంచి ఒక వేపాకు తీసి పక్కన పెట్టాడు.

మూడు రోజులు అలా ఏరాడు. చివరికి ఆవిడది అని నాన్న ఒప్పుకున్న దూది ఒక గంపెడైంది. అందులో పైకెగిరి దొరికింది చాలా తక్కువ. ఎక్కువ భాగం నా పొట్ట కింద మిగిలినదే. అది చూశాక నాకు ఇంకో సంగతి అర్థమైంది. ఎండకు బాగా విచ్చుకుని, వాసన పోయి, తేలికపడినదంతా గాలితో పోయింది. తైలం పట్టి గడ్డకట్టిన ఉండలు బరువుకు కదల్లేదు. ఏ వాసన పోగొట్టమని ఆవిడ తెచ్చారో సరిగ్గా ఆ వాసన ఉన్న దూదే మిగిలింది.

నాన్న దాన్ని నీడలో ఆరబెట్టి ఒక దిండు కుట్టాడు. కొట్లోని మంచి దూదితో, సొంతది, ఒక పరుపు కుట్టాడు. రెండింటినీ రిక్షాలో వేసి, నన్ను చూసి, నువ్వూ రా అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నాకు తెలిసినట్టే అనిపించింది. ఏలూరు రోడ్డు పొడుగునా, మా అమ్మాయే చెప్పిందండీ అని నాన్న అన్నప్పుడు నేను ఎటు చూడాలా అని ఆలోచించుకుంటూ కూర్చున్నాను.

టీచర్ గారి ఇల్లు గుణదల కొండకు దగ్గర్లో, ముందు చిన్న వరండా. ఆవిడ పరుపు చూసి సంతోషపడుతూ లేచారు. నాన్న దాన్ని వరండాలో దించి, చేతులు దులుపుకుని, నిలబడే చెప్పాడు.

"అమ్మగారూ, మీ దూది గాలివానకి పోయిందండీ. మిగిలింది ఈ దిండులో ఉంది. పరుపులోది నా దూది. రెండూ కలపలేదండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి, పైటకొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "వానొస్తదని రేడియోలో చెప్పారుగా," అన్నారు.

"ఒకటి రెండు చోట్ల అన్నారండీ. ఆ చోటు మాది కాదనుకున్నా."

"అనుకున్నదెవరు?"

ఆవిడ అది నాన్ననే అడిగారు గానీ చూసింది నా వైపు. వరండా గోడకు ఒక కేలండరు ఉంది. నేను దాన్ని చదవడం మొదలుపెట్టాను.

"నేనేనండీ," అన్నాడు నాన్న.

నాకు అప్పుడు నోరు తెరవాలని ఉంది. తెరవలేదు. ఆ నెలలో ఆదివారాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆవిడ దిండు తీసుకున్నారు. బరువు చూసినట్టు రెండు చేతుల్లో పట్టుకుని, ముఖం దగ్గర పెట్టుకుని, అక్కడే ఉంచేశారు. ఎంతసేపో చెప్పలేను. కిందికి దించినప్పుడు కళ్ళజోడు మీద ఆవిరి ఉంది.

"వాసన పోలేదే," అన్నారు.

"పోలేదండీ. బాగా ఆరిందంతా ఎగిరిపోయింది. గడ్డకట్టిందే నిలిచింది."

"ఉండనివ్వండి," అని దిండు లోపలికి తీసుకెళ్ళి పెట్టి వచ్చారు. పరుపు మాత్రం తీసుకోలేదు. నాన్న ఎంత చెప్పినా వినలేదు. అది మీ దూది, ఎవరి దూది వాళ్ళకే వెళ్ళాలన్నది మీ కొట్టు పద్ధతే కదా అన్నారు. మేమిద్దరం పరుపు చుట్టి మళ్ళీ రిక్షా ఎక్కించాం. రిక్షా అతను ఆ పరుపును మొయ్యడం ఆ రోజు అది రెండోసారి.

సగం దారి వచ్చాక, చెప్పింది నేను కదా నాన్నా అన్నాను.

"నువ్వు లెక్క చెప్పావు. దూది ఆరేసింది నేను," అన్నాడు. ఆ తర్వాత ఆ విషయం మా ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు. అమ్మను కూడా ఎత్తనివ్వలేదు. ఆ పరుపు మీద చాలా ఏళ్ళు నేనే పడుకున్నాను. మంచి పరుపు.

మరుసటి ఏడు ఏప్రిల్లో మధ్యాహ్నం వార్తల వేళకి నేను మేడమీదికి వెళ్ళిపోదామనుకుంటుంటే నాన్న రేడియో తెచ్చి నా ముందు పెట్టాడు. ఏమంటున్నారో చూడు అన్నాడు. ఒకటి రెండు చోట్ల అన్నారు. మరి నువ్వేమంటావు అన్నాడు. ఇంకెవరైనా అయితే ఎగతాళికి అడిగారనుకునేదాన్ని. నాన్నకు ఎగతాళి రాదు. నాకు తెలీదు నాన్నా అన్నాను. అయితే దించేద్దాం అని డాబా ఎక్కి రెండింటికే మూట కట్టాడు. వాన పడలేదు. అలా ఆ నెలంతా నేను తెలీదంటూ, నాన్న రెండింటికే దించుతూ గడిపాం. ఒక్క చినుకు పడలేదు. ఎండ వృథాగా పోయిందని లాడ్జి మేనేజరు గారు తెగ బాధపడ్డారు.

టీచర్ గారు మూడేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చారు. అదే గొడుగు. రిక్షాలో ఒక మామూలు పరుపు, ఆవిడ సొంతది. నాన్న మూల విప్పి చూస్తూ, దిండు తేలేదేంటండీ, మూడేళ్ళయింది, దానికీ ఎండ తగలాలి అన్నాడు. దానికి ఎండ అక్కర్లేదండీ అన్నారు ఆవిడ. నాన్న గోతం తేవడానికి లోపలికి వెళ్ళాడు. అప్పటికి నేను ఎమ్మెస్సీ పూర్తి చేసి ఒక కాలేజీలో పాఠాలు చెపుతున్నాను. నోరు తెరవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

"ఆ రోజు వాన పడదని చెప్పింది నేనండీ. నాన్న దించేద్దామనే అన్నారు."

"తెలుసమ్మా," అన్నారు ఆవిడ. "మీ నాన్న మబ్బు చూస్తే దించేసే మనిషి. అంత తప్పు చెయ్యాలంటే చదువుండాలి."

నాన్న గోతంతో వచ్చాడు. పరుపు గుడ్డలోంచి పీలిక చింపి గోతానికి కట్టాడు, నీలం గీతలది. నేను అలవాటుగా స్టూలు తెచ్చి వేశాను. ఆవిడ ఈసారి కూడా కూర్చోలేదు. గొడుగు విప్పుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"ఇవాళ వానొస్తదంటావా?"

బయట ఎండ కొడుతోంది. వడగాలి ఇంకా ఆగలేదు. రేడియో అప్పుడే చెప్పి ఊరుకుంది.

"తెలీదండీ," అన్నాను.

ఆవిడ తల ఊపి వెళ్ళిపోయారు. నాన్న దూది గోతంలోకి ఎత్తి, భుజాన వేసుకుని డాబా ఎక్కాడు.